సున్నా కింద గీత

శుక్రవారం వస్తోందంటే బుధవారం నుంచే శాంతిప్రియకు భయం మొదలవుతోంది. మొన్న మొన్నటి దాకా ఆమెకు శుక్రవారమంటే తలస్నానం, మూరెడు మల్లెపూలు, అంతే. ఇప్పుడు శుక్రవారమంటే నాయన ముఖం.

ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కన ఉన్న ఆ రేకుల షెడ్డులో పాత డీజిల్ ఇంజిన్లను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగిస్తారు. బోరు లారీల మీద కంప్రెసర్లను తిప్పే పెద్ద ఇంజిన్లు అవి. బిగించేది కుప్పుసామి, శాంతిప్రియ వాళ్ల నాయన. షెడ్డు పుట్టినప్పటి నుంచీ ఆయనే. బిగించిన ఇంజిన్ను ఇనుప స్టాండు మీద నడిపించి, లోపల డీజిల్ మండినప్పుడు పీడనం ఎంతకు లేస్తుందో కొలిచేది శాంతిప్రియ. ఊళ్లోనే ఇంజినీరింగ్ చదివి ఈ పనిలో చేరింది. నాయన పరీక్ష రాస్తే కూతురు మార్కులేస్తోందని షెడ్డులో వాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఈ మధ్య ఎవరూ నవ్వడం లేదు.

తమిళ సంవత్సరాదితో చిత్తిరై నెల పుట్టినప్పటి నుంచి కుప్పుసామి బిగించిన ఇంజిన్లు వరసగా పరీక్ష తప్పుతున్నాయి. ఇంజిన్‌కు పైమూతలాంటి హెడ్డులో బిగించిన సెన్సార్ పంపే పీడనాన్ని మానిటర్ గీతగా గీస్తుంది. ఆ గీత కొండలాగా లేచి పైనున్న ఎర్రగీతను తాకాలి. తాకడం లేదు. విప్పి మళ్లీ బిగించినా తాకడం లేదు. పోయిన వారం ఒక్క ఇంజిన్ మాత్రం తాకింది, అదీ అంచుకు అంచు. దాన్ని బోరు లారీల యజమాని వేల్మురుగన్ లారీకి ఎక్కించారు. ఆ లారీ మీదే శాంతిప్రియ తమ్ముడు విమల్ పనిచేస్తున్నాడు. మనసు పెట్టి చేస్తే ఎందుకు రాదు అని షెడ్డు యజమాని నరసింహన్ ఆ రోజు కుప్పుసామి వీపు తట్టాడు. తట్టిన చేత్తోనే, వచ్చే శుక్రవారం ఇంజిన్ కూడా ఇట్లాగే రావాలి, రాకపోతే వయసైంది కదా, ఇంట్లో విశ్రాంతి తీసుకోండి అని నవ్వుతూ అనేశాడు. ఆ నవ్వు శాంతిప్రియకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుప్పుసామి వాకిట్లో కూర్చుని రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటున్నాడు. ఈ మధ్య ఇదొక అలవాటైంది. ఉదయం లేవగానే ఒకసారి, అన్నం తినే ముందు ఒకసారి. గోళ్ల సందుల్లో ఎన్ని సబ్బులు రుద్దినా పోని నలుపు. అరచేతులు చెప్పు అడుగులాగా గట్టివి.

"చూడు పాపా. వణకతా ఉండాయా?"

"లేదు నాయనా."

"బాగా చూడు."

బాగానే చూసింది. వణకడం లేదు. వణికితే బాగుండును, కనీసం కారణమైనా దొరికేది అనిపించి, అట్లా అనిపించినందుకు తనను తాను తిట్టుకుంది.

లోపల వాళ్లమ్మ గౌరమ్మ రాగిసంగటి కెలుకుతోంది. తలుపు వెనక మేకుకు ఇంజిన్ గాస్కెట్ ఒకటి వేలాడుతోంది. కొత్తది, ఇంకా నూనె మరక కూడా పడలేదు. ఇదేంటని శాంతిప్రియ అడిగితే, మీ నాయన సంచిలో ఉండింది, పారేస్తే తిడతాడని తగిలించినా అంది గౌరమ్మ. హెడ్డుకూ కింది దిమ్మకూ మధ్య వేసే రేకు అది. శాంతిప్రియ దాన్ని తాకి చూసి, మిగిలిందేమోలే అనుకుని వదిలేసింది. భయంలో ఉన్న మనిషికి కళ్లెదుట ఉన్నది కనిపించదు. ఆ రాత్రి అమ్మ వేసిన సంగటి ముద్ద కూడా ఆమెకు సగమే దిగింది.

గురువారం కుప్పుసామి వాల్వులు రుద్దాడు. ఆ పని చూడాలంటే ఆయన దగ్గరే చూడాలి. వాల్వు అంచుకు పేస్టు పూసి, దానికి కర్ర తగిలించి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతాడు. మధ్యలో ఎత్తి, తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ తిప్పుతాడు. మామూలుగా ఆ పని చేస్తున్నప్పుడు ఏదో ఒకటి మాట్లాడుతుంటాడు, రేషన్ కొట్టు గురించో, పక్కింటి మేక గురించో. ఆ రోజు నోరు విప్పలేదు. చివరికి హెడ్డు తిరగేసి గుంటల్లో కిరసనాయిలు పోసి కూర్చున్నాడు. వాల్వు సరిగ్గా కూర్చోకపోతే కిరసనాయిలు కిందికి ఊరుతుంది. టీ వచ్చి చల్లారిపోయేదాకా చూశాడు. చుక్క దిగలేదు.

"కిరసనాయిలే పోనప్పుడు గాలి ఎట్ల పోతుంది నాయనా?" అని అడిగింది శాంతిప్రియ.

"పోతా ఉంది గదా. నీ మిషనే చెప్తా ఉంది." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ. మిషను మీద ఒక్క మాట అననివ్వడు. కూతురు చదివి కూర్చున్న కుర్చీ ముందు ఉన్న మిషను అది. అది తప్పంటే కూతురి చదువు తప్పన్నట్టు ఆయన లెక్క. అందుకని తన చేతుల్నే తప్పు పట్టుకున్నాడు.

పిస్టన్‌కు రింగులు వేసేటప్పుడు మాత్రం ఒక సంగతి అడిగాడు. సేలంలో కొట్టుకు ఫోన్ చేసి పలచటి గాస్కెట్ ఉందేమో కనుక్కోమన్నాడు. లేదన్నారు. ఎందుకని అడిగితే ఊరికే అన్నాడు. రేపటి గురించి తప్ప ఇంకేమీ శాంతిప్రియ బుర్రలోకి ఎక్కడం లేదు.

శుక్రవారం పొద్దున్నే వేల్మురుగన్ కారులో దిగాడు. తెల్లటి చొక్కా, మెడలో రుద్రాక్ష, చేతిలో రెండు ఫోన్లు. ఈ ఇంజిన్ ఆయనదే ఇంకో బోరు లారీకి. ఇంజిన్ను స్టాండు మీద చూసి ఎండల గురించి మాట్లాడాడు. నిజమే, నడివేసవి కత్తిరి ఎండలకు షెడ్డు రేకులు అప్పటికే టపటపమని చప్పుడు చేస్తున్నాయి.

నరసింహన్ షెడ్డులో పరీక్షకు ఒక పద్ధతి ఉంది. చిత్తిరై ముందు వరకు సోమవారాలు పరీక్ష జరిగేది. సోమవారం రాహుకాలం షెడ్డు తెరవక ముందే అయిపోతుంది కాబట్టి, వచ్చీ రాగానే నడిపి కొలిచేసేవాళ్లు. కొత్త సంవత్సరానికి జోస్యుడెవరో శుక్రవారం మంచిదని చెప్పాడు. శుక్రవారమైతే రాహుకాలం సరిగ్గా పని మధ్యలో పడుతుంది. దానికీ నరసింహన్ దగ్గర ఉపాయముంది. రాహుకాలం రాకముందే కర్పూరం వెలిగించి, నిమ్మకాయ కొట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసేస్తారు. ఒకసారి మొదలుపెట్టిన పనిని రాహువు ఏమీ చేయలేడు. అక్కడి నుంచి రాహుకాలం దాటేదాకా ఇంజిన్ను ఆపకూడదు, లోడు ఎక్కించకూడదు, ఎవరూ ఏ మీటా నొక్కకూడదు. ఊరికే అట్లా తిరుగుతుంటుంది. దాటాక లోడు ఎక్కించి కొలుస్తారు.

శాంతిప్రియ తన పని తాను చేసింది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడే, కర్పూరానికి ముందు, మీట నొక్కి మానిటర్ మీద గీతను సున్నా మీద కూర్చోబెట్టింది. సెన్సార్‌కు చల్లదనం కోసం వచ్చే సన్నటి నీళ్ల గొట్టం ఊడిపోలేదు కదా అని చూసింది. నీళ్లు వస్తున్నాయి, షెడ్డు మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి. కుప్పుసామి కర్పూరం కళ్లకద్దుకున్నాడు. ఇంజిన్ దగ్గి, ఊగి, అందుకుంది.

రాహుకాలమంతా శాంతిప్రియ ఆ కుర్చీలో కదలకుండా కూర్చుంది. తండ్రి ఎదురుగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. స్టూలు వేస్తే కూర్చోలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి వేడుకుంటున్నాడో, వేసిన రింగులు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాడో.

లోడు ఎక్కించారు. గీత లేచింది, లేచింది, ఎర్రగీతకు జానెడు కింద ఆగిపోయింది. శాంతిప్రియ ఇంకా కొంత లోడు ఎక్కించి చూసింది. అక్కడే. నరసింహన్ వెనక నుంచి చూసి, ఆపమని చెయ్యి ఊపాడు. తర్వాత కుప్పుసామి దగ్గరికి పోయి చాలా మర్యాదగా, అందరికీ వినపడేటట్టు, ఇన్నేళ్లు మా షెడ్డుకు ఎంతో చేశారు అన్నాడు. అంతే. ఆ మాట తర్వాత చెప్పడానికి ఇంకేముంటుంది? కుప్పుసామి తన స్పానర్లను గుడ్డలో చుట్టుకుని, మోపెడ్ తీసుకుని వెళ్లిపోయాడు. శాంతిప్రియ గేటు దాకా పరిగెత్తింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఇంజిన్ ఆగగానే మానిటర్ కట్టేయాలని షెడ్డులో కట్టుబాటు. కరెంటు దండగని నరసింహన్ గొడవ. ప్రతి శుక్రవారం అట్లాగే కట్టేసి భోజనానికి లేచేది. ఈ రోజు ఆ ధ్యాసే లేదు. అందరూ తిండికి వెళ్లాక, కళ్లు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. మానిటర్ వెలుగుతూనే ఉంది. కట్టేయబోయి చెయ్యి ఆపింది.

గీత సున్నాకు కింద ఉంది.

ఇంజిన్ ఆగిపోయింది. ఆగిన ఇంజిన్లో పీడనమేముంటుంది? సున్నా ఉండాలి. అనుమానం తీరక, లోపలి గాలి వదిలే చిన్న కుళాయిని కూడా విప్పేసింది. ఇప్పుడు లోపలా బయటా ఒకే గాలి. అయినా గీత సున్నాకు కిందనే, దాదాపు జానెడు కింద. నీళ్ల గొట్టం పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది. ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు. సెన్సార్ మీద వేలు పెట్టలేకపోయింది. తాగే నీళ్ల కుండలో గుడ్డ ముంచి, పిండకుండానే తెచ్చి సెన్సార్ మీద కప్పింది. ఆవిరి లేచింది. మానిటర్ మీద గీత మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. ఇంకోసారి తడిపింది. గీత సున్నాకు వచ్చి కూర్చుంది.

చల్లగా ఉన్నప్పుడు సున్నా పెట్టి, రాహుకాలమంతా ఇంజిన్ను తిప్పి, వేడినీళ్లతో దాన్ని ఇంకా ఉడకబెట్టి, అప్పుడు కొలిస్తే అది తక్కువే చెబుతుంది. వేడెక్కిన సెన్సార్ ఉన్న పీడనంలో కొంత మింగేసి చూపిస్తోంది. సోమవారాలు కొలిచినన్నాళ్లూ ఏ తప్పూ లేదు. శుక్రవారాలకు మారినప్పటి నుంచే నాయన చేతులు చెడ్డవైపోయాయి. నాయన చేతుల్లో ఏ తప్పూ లేదు! మానిటర్ కట్టకుండానే, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే టౌన్ బస్సెక్కింది. బస్సులో ఎవరో అడిగితే గానీ తను నవ్వుతున్నట్టు ఆమెకే తెలియలేదు.

కుప్పుసామి ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అన్నం ముందు పెట్టి గౌరమ్మ విసనకర్రతో విసురుతోంది. శాంతిప్రియ ఎదురుగా చతికిలబడి, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా అంతా చెప్పింది.

"నీ చేతుల్లో తప్పు లేదు నాయనా. సెన్సార్ వేడెక్కి తక్కువ చూపిస్తా ఉంది. ఇన్ని వారాలూ అంతే. నువ్వు బిగించినవన్నీ బాగానే ఉండినాయి."

ఆయన ముఖం వెలుగుతుందని చూసింది. అందుకోసమే పరిగెత్తుకొచ్చింది. కుప్పుసామి కళ్లు కూతురి మీద నుంచి తలుపు వెనక మేకు మీదికి పోయాయి. అక్కడే ఆగాయి.

"పోయిన వారందీ అంతేనా? అది గూడా వేడిమీదనే కొలిచిందా?"

"అది గూడా. అది కూడా బాగానే..."

"అది బాగలేదు పాపా." ఆయన అన్నం కంచం పక్కకు జరిపాడు. "దాంట్లో వేయాల్సిన గాస్కెట్ అదే, ఆ మేకుకు ఉండేది. పీడనం పెరుగుతుందని నేను పలచటిది వేసినా. డీజిల్ ఇంకా ముందే మండేటట్టు పంపు గూడా ముందుకు తిప్పి పెట్టినా. నా బిగింపులో పీడనం పోతా ఉంది గదా, దాంతో సరిపోతుందిలే అనుకున్నా. పోయేదే లేకపోతే ఆ పీడనమంతా ఏమైతుంది?"

శాంతిప్రియకు జవాబు తెలుసు. తప్పినవన్నీ మంచి ఇంజిన్లు. ఎర్రగీతను తాకిన ఒక్కటే చెడ్డది. వేడి మింగేసింది పోగా ఎర్రగీతను తాకిందంటే, నిజంగా లోపల ఎర్రగీతకు ఇంకో జానెడు పైకి లేస్తోందన్నమాట. అది ఇప్పుడు పాపారపట్టి దగ్గర ఎవరి చేనులోనో నిండా లోడు మీద తిరుగుతోంది. పక్కనే తమ్ముడు. హెడ్డు బోల్టులు తెగితే అవి ఎటు పోతాయో ఎవరు చెప్పగలరు.

విమల్ ఫోన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. బోరు పడుతున్న చోట చెవి దగ్గర అరిచినా వినపడదు. ఫోన్ లారీ క్యాబిన్లో పడి ఉంటుంది. మళ్లీ చేసింది. గౌరమ్మకు విషయం పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఇద్దరి ముఖాలూ చూసి విసనకర్ర కింద పెట్టేసింది. పిల్లోనికి ఏమన్నా అయిందా అని అడుగుతూనే ఉంది. అప్పటికే ఇద్దరూ వాకిట్లోకి పరిగెత్తారు.

మోపెడ్ మీద కుప్పుసామి ముందు, శాంతిప్రియ వెనక. పాపారపట్టి దారిలో ఎండ తారు మీద నీళ్లలాగా కదులుతోంది. ఆమె వేల్మురుగన్‌కు ఫోన్ కలిపింది. ఆయన ఏ.పళ్లిపట్టి అనే ఊళ్లో తర్వాతి బోరుకు చోటు చూపిస్తున్నాడు. లారీ ఇంజిన్ ఒకసారి ఆపించాలి, ఏదో చూడాలి అంది తమిళంలో. ఆయన నవ్వాడు. బోరు సగంలో ఉంది, ఇప్పుడు ఆపితే మట్టి కూలి, అడుగున బండను కొట్టే హ్యామర్ లోపలే ఇరుక్కుంటుంది, సాయంత్రం చూడమ్మా అన్నాడు. ఏం చూడాలి అని కూడా అడిగాడు.

సెన్సార్ తప్పు అంటే ఆయన ఆపడు, సెన్సార్ షెడ్డులో ఉంది, ఇంజిన్ చేనులో ఉంది. ఆపాలంటే గాస్కెట్ సంగతి చెప్పాలి. నాయన మీద పడ్డ మచ్చ ఇంకా గంట కూడా కాలేదు తుడిచి, తనే మళ్లీ పూయాలి. ఈసారి అది నిజమైన మచ్చ. షెడ్డులోనే కాదు, ఈ జిల్లాలో ఇంకెవరూ ఆయన చేతికి స్పానర్ ఇవ్వరు. ఫోన్లో వేల్మురుగన్ హలో హలో అంటున్నాడు.

కుప్పుసామి మోపెడ్‌ను చింతచెట్టు పక్కన ఆపాడు. వెనక్కి చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. తమిళంలో, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పాడు.

"నేను కుప్పుసామిని. ఆ ఇంజిన్లో తప్పు గాస్కెట్ వేసినాను. మా ముదలాళి నరసింహన్‌కు తెలియకుండా వేసినాను. అది పగిలితే పక్కన నిలబడేది నా కొడుకు. ఆపమని చెప్పండి సార్."

అవతల నుంచి బండబూతు ఒకటి, ఆ తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆపిస్తాడో లేదో చెప్పలేదు. కుప్పుసామి ఫోన్ కూతురికిచ్చి మోపెడ్ నడిపాడు. ఆయన చొక్కా వెనకంతా తడిసిపోయింది. శాంతిప్రియ ఆ చొక్కాను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది, చిన్నప్పుడు స్కూలుకు పోయేటప్పుడు పట్టుకున్నట్టు.

బోరు పడుతుంటే మైలు దూరం నుంచే తెలుస్తుంది. చెట్ల పైన తెల్లటి దుమ్ము లేస్తుంది, చెవుల్లో హోరు పడుతుంది. పాపారపట్టి దాటి మట్టిరోడ్డు ఎక్కారు. దుమ్ము లేదు. హోరు లేదు. ఎక్కడో కాకి ఒకటి అరుస్తోంది, అంతే.

ఆపించారా? లేక అదే ఆగిపోయిందా? మోపెడ్ వేగం తగ్గింది. ఇంతదూరం ప్రాణాలకు తెగించి నడిపిన మనిషి, చేను కనపడేసరికి నడక కన్నా మెల్లగా పోనిచ్చాడు. చేరడానికి భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆమెకూ అదే భయం. లారీ చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. గుంపు మధ్యలో ఏముందో కనిపించడం లేదు.

గుంపులోంచి విమల్ బయటికి వచ్చాడు. నెత్తి మీద నుంచి పాదాల దాకా బూడిద పూసుకున్నట్టు రాతిదుమ్ము, కళ్లు మాత్రం ఎర్రగా. విసురుగా నడిచి వచ్చాడు.

"ఎవరు ఆపమనింది? ఇంకొక రాడ్డు దిగింటే నీళ్లు పడుండేవి. ఇప్పుడు హ్యామర్ ఇరుక్కుపోయింది. చేనాయన తిడతా ఉండాడు!"

శాంతిప్రియ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. వాడు విదిలించుకోబోయి, అక్క ముఖం చూసి ఊరుకున్నాడు. కుప్పుసామి వాళ్లిద్దరినీ దాటి నేరుగా ఇంజిన్ దగ్గరికి పోయాడు. గాస్కెట్ అంచు వెంబడి నల్లగా మసి గీత ఒకటి దిగి ఉంది, దాని చుట్టూ తడి. స్పానర్ గుడ్డ విప్పి హెడ్డు నట్టు ఒకదానికి తగిలించాడు. బారెడు గొట్టం తగిలించి, ఒళ్లంతా వేసి లాగితే గానీ కదలకూడని నట్టు. రెండు వేళ్లతో తిరిగింది. లోపల బోల్టు సాగిపోయింది. పక్కదీ అంతే. విమల్ వచ్చి తండ్రి భుజం మీదుగా చూశాడు. వాడికీ ఇంజిన్ల పని కొంత తెలుసు. పొద్దున్నుంచి తను నిలబడిన చోటుకేసి ఒకసారి చూసి, లారీ టైరుకు ఆనుకుని కూర్చున్నాడు.

శాంతిప్రియ చేతిలో ఫోన్ మోగింది. నరసింహన్. అప్పుడే ఆయన దాకా పోయింది సంగతి.

"నేను చెప్తా నాయనా. సెన్సార్ సంగతి ముందు చెప్తా. అది వింటే..."

"అది నువ్వు తర్వాత చెప్దువులే. ముందు నా తప్పు చెప్పాల. ఇటియ్యి."

కుప్పుసామి చెయ్యి చాపాడు. చెయ్యి వణుకుతోంది. ఇన్ని ఉదయాలు చాచి చూసుకున్నా ఒక్కసారీ వణకని చెయ్యి. ఆయన కూడా దాన్ని చూశాడు గానీ వెనక్కి తీసుకోలేదు. ఫోన్ ఆగి, మళ్లీ మోగడం మొదలుపెట్టింది. శాంతిప్రియ దాన్ని ఆ చేతిలో పెట్టింది.